బియ్యం డబ్బాలో స్కోపు

ఈ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక దుకాణం షట్టరు పైకెత్తి, అలవాటు ప్రకారం కౌంటరు కింద ఉన్న రేకు డబ్బా మూత తీశాను. పాత సోనామసూరి బియ్యం వాసన, దాని వెనకే సన్నగా తుపాకి నూనె వాసన. ఈ రెండూ కలిసిన వాసన లోకంలో ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం. ఎక్కడైనా ఉందంటే అక్కడ మస్తాన్ మామ కూర్చుని ఉన్నట్టే లెక్క. బియ్యం ముద్దకట్టిందేమోనని చెయ్యి పెట్టి అటూ ఇటూ కలియబెట్టాను. జెద్దా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడ గాలిలో సగం నీళ్ళే. మూత సరిగా పెట్టకపోతే బిస్కెట్లు మెత్తబడతాయి, ఉప్పు చెమ్మగిల్లుతుంది, చవకరకం స్కోపుల లోపల ఆవిరి పట్టి మసకేస్తుంది. అందుకని మా దుకాణంలో తడి పట్టిన స్కోపులను బియ్యంలో పడుకోబెట్టడం ఆచారం. ఆచారం పెట్టినవాడు మస్తాన్ మామ. ఆయన ఇప్పుడు లేడు. డబ్బా ఉంది.

మాది బలద్‌లో, పాత జెద్దాలో, ఒక సందు చివర ఉన్న దుకాణం. ఎడారికి పిక్నిక్ పోయేవాళ్ళకు కావలసినవన్నీ అమ్ముతాం. గుడారాలు, గ్యాసు పొయ్యిలు, కాఫీ కూజాలు, టార్చీలు, బైనాక్యులర్లు. తుపాకులు అమ్మం, వాటికి లైసెన్సున్న దుకాణాలు వేరే ఉన్నాయి. ఆ తుపాకుల మీద, ఎయిర్ గన్ల మీద బిగించుకునే స్కోపులు మాత్రం మా దగ్గర దొరుకుతాయి. దూరంగా ఉన్నదాన్ని దగ్గర చేసి చూపించే గొట్టం, మధ్యలో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. ఆ రెండు గీతలు కలిసే చోట గురి. స్కోపంటే ఇంతే. ఈ ఇంతదాన్ని ఎంచుకోవడంలో మనుషులు ఎన్ని రకాలుగా తప్పులు చేస్తారో చూడాలంటే మా కౌంటరు ముందు ఒక శీతాకాలం నిలబడాలి.

మస్తాన్ మామ నాకు చుట్టం కాదు. ఆయనది రాయచోటి, నాది కదిరి. మా వైపు సాయిబులనీ మిగతావాళ్ళనీ లేదు, నోరారా వరస కలిపి పిలుచుకుంటాం. నేను జుబైల్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి, ఆ పని అయిపోయాక కఫీలును, అంటే వీసా పూచీ ఉన్న యజమానిని, మార్చుకుని జెద్దాకు వచ్చేనాటికి ముప్పై దాటాయి. మామ అప్పటికే ఈ దుకాణానికి సగం యజమాని లాంటివాడు. అసలు యజమాని సౌదీ ఆయన నెలకోసారి వచ్చి, మామ చేతి చాయ్ తాగి పోయేవాడు. మామ పొట్టి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం, ఇస్త్రీ చెదరని చొక్కా, ముక్కు మీద కోపం. కుడి కనుబొమ మీద అర్ధచంద్రం ఆకారంలో ఒక మచ్చ ఉండేది. ఎవరైనా దాని గురించి అడిగితే చాలు, పొంగిపోయి చెప్పేవాడు. కుర్రతనంలో ఎవరిదో పెద్ద తుపాకి తీసుకుని, స్కోపుకు కన్ను ఆనించి మరీ పేల్చాడట. అది వెనక్కి తన్ని ముద్ర వేసి పంపింది. "ఇదే నా సర్టిఫికెట్టు. కంటికీ గాజుకూ నాలుగు వేళ్ళ సందు వదలాలని నాకు ఏ మేష్టరూ సెప్పలా, ఇది సెప్పింది" అనేవాడు. ఆయన గురి మాత్రం దారుణం. ఎడారిలో డబ్బాలు పెట్టి కాలిస్తే డబ్బా తప్ప అన్నిటికీ తగిలేది. అయినా గురి గురించి మాట్లాడటం ఆపేవాడు కాదు.

నేను చేరిన కొత్తలో ఒకాయన వచ్చి స్కోపు కావాలన్నాడు. నేను ఉత్సాహంగా గాజు బీరువా తెరిచి, అన్నిటికన్నా పొడుగైనదీ, జూమ్ నెంబరు పెద్దదీ తీసి ముందు పెట్టాను. మామ వెనక నుంచి వచ్చి, ఆ మనిషికి నవ్వుతూ సలాం చెప్పి, స్కోపును తీసి మళ్ళీ బీరువాలో పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అందుకున్నాడు.

"ఏందబ్బీ, బీరువా అట్ల తెరిసేస్తివి? ముందు అడుగు, మల్ల సూపీ."

"ఏమడగాల మామా?"

"దేన్ని కాలుస్తాడు, ఎంత దూరం నుంచి, ఏ పొద్దులో. ఈ మూడూ తెలీకుండా ఏం సూపిస్తావు, నీ మొగమా?"

ఆ మూడు ప్రశ్నలూ అడిగితే తేలింది. ఆయన దగ్గరున్నది స్ప్రింగు ఎయిర్ గన్, ఇంటి వెనక పెరట్లో కాగితం మీద గురి చూసుకుంటాడు, అదీ ఆఫీసు నుంచి వచ్చాక, వెలుగు తగ్గే వేళలో. నేను తీసిన పెద్ద స్కోపులో అంత దగ్గరిది మసకగా తప్ప కనిపించదు. పైగా స్ప్రింగు గన్ను వెనక్కీ తంతుంది, ముందుకీ తంతుంది. ఆ రెండు కుదుపులకు తట్టుకునేలా చేసిన గాజు కాకపోతే ఎంత ఖరీదైనదైనా వారంలో లోపలి గీతలు వంకరపోతాయి. మామ ఆయనకు చిన్నదొకటి తీసి ఇచ్చాడు. దగ్గరి దూరానికి సరిచేసుకునే వీలున్నది, గట్టిది, చవకది. చవకది అన్నమాట మాత్రం నోట రానివ్వలేదు. అది ఆయన ప్రత్యేకమైన మర్యాద. తక్కువలో కావాలని వచ్చినవాళ్ళ ముందు ఖరీదైనవి పరిచి వాళ్ళను చిన్నబుచ్చడం ఆయనకు నచ్చేది కాదు. వాళ్ళకు తగినదాన్నే మొదట మఖమల్ గుడ్డ మీద పెట్టేవాడు, పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టినంత శ్రద్ధగా. "మిగిలిందాంతో మంచి పట్టీలు కొనుక్కోమను. గాజు ఎంత గొప్పదైనా పట్టీ వదులైతే గురి గాల్లో పోతాది" అని నాకు చెప్పేవాడు. పట్టీలంటే స్కోపును తుపాకికి కరిపించే ఉంగరాలు.

కొనేముందు పరీక్ష కూడా ఆయనదే. దుకాణం లోపల ట్యూబులైటు కింద ఏ గాజైనా బాగానే కనిపిస్తుందని, మగ్రిబ్ నమాజు ముందు వెలుగు తగ్గేటప్పుడు కొనేవాళ్ళను బయటికి తీసుకొచ్చేవాడు. సందు చివర ఒక పాత ఇల్లు ఉండేది. పై అంతస్తులో బలద్ ఇళ్ళకుండే చెక్క జాలీ కిటికీ. ఎన్నో ఏళ్ళుగా మూతపడ్డ ఇల్లు. మనుషులు ఉండే ఇల్లయితే మామ ఆ వైపు గాజు తిప్పనిచ్చేవాడు కాదు. ఆ మసక వెలుగులో కిటికీ జాలీ పుల్లలు విడివిడిగా కనబడుతున్నాయా, ఒకటిగా కలిసిపోతున్నాయా అని అడిగేవాడు. పెద్ద నెంబరు స్కోపులో జూమ్ పెంచేకొద్దీ చీకటి కమ్మేది, చెయ్యి వణుకు కూడా పెద్దదై కనిపించేది. మధ్యాహ్నం ఎడారిలో అయితే ఎండమావి కూడా పెద్దదవుతుంది, కాగితం నీళ్ళల్లో ఊగినట్టు ఊగుతుంది. చూసినవాళ్ళు తమంతట తామే చిన్నదాని వైపు చెయ్యి చాపేవాళ్ళు. "మనం సెప్తే యాపారం అంటారు, వాళ్ళ కన్ను సెప్తే నమ్ముతారు" అనేవాడు మామ.

బియ్యం డబ్బాతో నా పరిచయం మాత్రం ఇంత మర్యాదగా జరగలేదు. చేరిన నెలలోనే ఒక శుక్రవారం గదిలో వంట నా వంతు వచ్చింది. మా గది దుకాణం పైనే. బియ్యం బస్తా ఖాళీ. ఏదో వెతుకుతూ దుకాణంలో కౌంటరు కింద చూస్తే డబ్బా నిండా సన్నబియ్యం. మామ మంచి బియ్యం దాచిపెట్టి మాకు ముతకవి పెడుతున్నాడని నాకు రోషం వచ్చింది. పైన పెట్టిన స్కోపులను తీసి పక్కన సర్ది, ఆ బియ్యం మొత్తం కడిగి మటన్ పలావ్ చేశాను. వాసన కొంచెం తేడాగానే ఉంది గానీ లవంగాలు పాతవేమో అనుకున్నాను. గదిలో ఉన్న ఇద్దరు బెంగాలీ తమ్ముళ్ళు ఒక ముద్ద పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామ నెమ్మదిగా నమిలి, మింగి, నా వైపు చూశాడు.

"యాడివి అబ్బీ ఈ బియ్యం?"

"కౌంటరు కిందవి."

ఆయన తిడతాడని బిగుసుకుని కూర్చున్నాను. ఆయన ఇంకో ముద్ద కలిపాడు. "తినండి, తినండి. ఈ అన్నం తింటే జన్మలో మన కడుపులు తుప్పు పట్టవు" అన్నాడు. తర్వాత మాత్రం తినడం సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, స్కోపులు ఎలా ఉన్నాయోనని కిందికి పరుగెత్తాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, మా దుకాణానికి ఏ తెలుగువాడు వచ్చినా మామ నన్ను పరిచయం చేసే పద్ధతి ఒకటే: "ఈడే, తుపాకి నూనెతో పలావ్ సేసినోడు."

ఇదంతా చెబుతున్నది ఆయన ఎలాంటి మనిషో తెలియడానికి. నేను చెప్పదలుచుకున్నది అబూ నాసిర్ సంగతి.

అబూ నాసిర్ అంటే నాసిర్ తండ్రి. ఓడరేవులో ఉద్యోగం చేసి దిగిపోయిన సౌదీ పెద్దాయన. పొడుగ్గా, నిటారుగా ఉండేవాడు. ఏటా శీతాకాలం మొదట్లో మా దుకాణానికి వచ్చి గుడారం తాళ్ళో, కాఫీ కూజా మూతో కొని, మామతో గంటసేపు కబుర్లు చెప్పి పోయేవాడు. వాళ్ళ కుటుంబం చలికాలంలో మదీనా దారిలో ఊరికి దూరంగా గుడారాలు వేసుకుంటారు. కొడుకులు, అల్లుళ్ళు, మనవలు అందరూ చేరాక గురి పందెం పెట్టుకుంటారు. మొదటి గుండు పెద్దాయనది. ఆయన కాల్చేదాకా ఇంకొకరు తుపాకి ముట్టుకోరు. అది వాళ్ళ ఇంటి పద్ధతి. కొడుకులందరికీ గురి నేర్పింది కూడా ఆయనే.

ఆ ఏడాది ఆయన పెద్దకొడుకు నాసిర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. నాసిర్‌కు అప్పుడు నలభై లోపే. చేతిలో కొత్త పెట్టె. కొడుకులంతా కలిసి తండ్రికి బహుమతిగా ఏదో మాల్‌లో కొన్న స్కోపు, మా దుకాణంలో దొరకనంత ఖరీదైనది. పెద్దాయన దాన్ని కౌంటరు మీద పెట్టి, కొంచెం చిరాగ్గా అన్నాడు: "మస్తాన్, ఇది పాడైపోయింది. లోపలంతా మసక. ఏమీ కనబడటం లేదు."

నేను తీసుకుని వీధి వైపు తిప్పి చూశాను. సందు చివరి కిటికీ జాలీ పుల్లలు ఒక్కొక్కటీ కడిగినట్టు కనిపిస్తున్నాయి. పైగా అలాంటి ఖరీదైన స్కోపుల్లో గాలి కూడా దూరకుండా సీలు వేసి ఉంటుంది, తడి పట్టే ప్రశ్నే లేదు. ఆ మాట అనడానికి నేను నోరు తెరుస్తుండగా మామ నా చేతిలోంచి స్కోపు తీసుకున్నాడు. ఆయన గాజు వైపు చూడటం లేదు, పెద్దాయన చాయ్ గ్లాసు వైపు చూస్తున్నాడు. గ్లాసు ఆయన కుడి చేతి పక్కనే ఉంది. ఆయన దాని కోసం తలంతా కుడివైపుకు తిప్పి వెతుకుతున్నాడు.

మామ స్కోపును ఒక్క క్షణం కంటికి పెట్టుకుని దించాడు. "అవును, మసకే" అన్నాడు అరబ్బీలో, గట్టిగా, నాసిర్‌కు వినబడేలా. "మాల్‌లో కొన్నవి మా జెద్దా తడికి ఆగవు. బియ్యంలో కొన్నాళ్ళు ఉండాలి." అని డబ్బా మూత తీసి, నిక్షేపంలాంటి ఆ గాజును బియ్యంలో పూడ్చిపెట్టాడు. నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నాను. నాసిర్ కారు అడ్డంగా పెట్టి వచ్చానని బయటికి వెళ్ళాడు.

కొడుకు సందు మలుపు తిరగగానే మామ బీరువాలోంచి మామూలు స్కోపొకటి తీసి పెద్దాయన చేతికిచ్చాడు. "ఎడమ కంటితో చూడు. ఇటువైపు వెలుగు బాగుంది" అన్నాడు. పెద్దాయన ఎడమ కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు దించలేదు. దించినప్పుడు ఆయన మొహంలో ఆ నిటారుతనం లేదు.

"నీకు తెలిసిపోయింది" అన్నాడు.

"స్కోపులమ్ముకునేవాణ్ణి, తెలియదా?" అన్నాడు మామ. "ఎన్నాళ్ళ నుంచి?"

"వేసవి నుంచి. మస్తాన్, మా వాళ్ళకు చెప్పకు. మొదట కారు తాళాలు తీసుకుంటారు. తర్వాత తుపాకి. ఆ తర్వాత 'నాన్నా, మీరు కూర్చోండి' అంటారు. ఆ కూర్చోవడంలోంచి ఎవరూ మళ్ళీ లేవరు."

మామ ఆయనను ఓదారుస్తాడనుకున్నాను. ఓదార్చలేదు, కోప్పడ్డాడు. తన కన్నా పెద్దవాడనీ, సౌదీ మనిషనీ చూడలేదు. "తాళాలు వాళ్ళు తీసుకోవడమేంటి, నువ్వే ఇచ్చెయ్యి, ఈ రోజే. మెడ పట్టేసిందని చెప్పు. వేట మానెయ్యి, కదిలేదాన్ని ఇంక గురి చూడొద్దు. తుపాకి బీరువాలో పెట్టి తాళం వెయ్యి. రేపు మధ్యాహ్నం దుకాణం మూసే వేళకు రా, కంటి డాక్టరు దగ్గరికి పోదాం. డాక్టరు సరేనంటేనే కాగితం మీద కాల్చడం, అదీ ఎడమ భుజంతో. ఇంకొక మాట. మీ వాళ్ళకు నేను చెప్పను. నువ్వు చెప్పాలి. ఈ చలికాలం దాటకముందే చెప్పాలి. చెప్పకపోతే నీకూ నాకూ సలాం కూడా ఉండదు."

పెద్దాయన వెళ్ళిపోయాక నేను ఊరుకోలేకపోయాను. "మామా, కొడుక్కి సెప్పకపోతే తప్పు గదా? ఎందుకు అబద్ధం ఆడితివి?"

"తప్పే" అన్నాడు మామ, మఖమల్ గుడ్డ మడతపెడుతూ. "ఇప్పుడు నువ్వు నోరు తెరిసుంటే ఆయప్ప గుడ్డోడు అయిపోయుండేవాడు, కొడుకు ముందరే, అంగట్లో. అదే ఆయప్ప నోటితో సెప్పుకుంటే, ఒక కన్ను తగ్గిన నాయన అవుతాడు. నాయనగానే ఉంటాడు. రెంటికీ తేడా లేదంటావా?"

ఆయన గుడ్డను బీరువాలో పెట్టి, "రోజులు మాత్రం ఎక్కువ ఈలేను. కన్ను ఆగదు గదా" అన్నాడు. అప్పుడు ఆయన గొంతులో భయం వినిపించింది. ఆ భయం విన్నాకే ఆయన చేసింది నాటకం కాదని నాకు అర్థమైంది.

మరునాడు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇద్దరూ టాక్సీలో పోయారు. తిరిగొచ్చాక మామ చెప్పాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బట. నొప్పి ఉండదు, చూపును పక్కల నుంచి మెల్లగా తినేస్తుంది. కుడికంటిలో పోయింది ఇక రాదు. ఎడమకన్ను ఇప్పటికి బాగుంది, రోజూ మందు చుక్కలు వేసుకుంటే కాపాడుకోవచ్చు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే అదీ పోయేదన్నాడట డాక్టరు. ఇది ఇళ్ళల్లో వంశంగా కూడా వస్తుందని, నలభై దాటిన పిల్లలు చూపించుకోవాలని కూడా చెప్పాడట. ఎడమకంటితో కాగితం మీద గురి చూసుకోవచ్చని, పక్కన ఒకరు ఉండాలని ఒప్పుకున్నాడు.

ఇక స్కోపు ఎంచాలి. మామ అంత కష్టపడి స్కోపు ఎంచడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. అబూ నాసిర్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక చీపురు కర్రకు ఒక్కొక్క స్కోపూ కట్టి ఎడమ భుజానికి ఆనించి చూడమన్నాడు. మొదటిది గీతలు ఎర్రగా వెలిగేది, సోకైనది. పెద్దాయన మోజుపడ్డాడు గానీ, ఎరుపు కంట్లో పడి అవతలిది కనబడటం లేదన్నాడు. రెండోది జూమ్ మార్చుకునేది. బొమ్మ బాగుంది. కన్ను వెంట్రుకవాసి జరిగితే మాత్రం అంచుల నుంచి నల్లటి నీడ కమ్ముకొస్తోంది. కొత్త భుజం, కొత్త కన్ను, తల ఎక్కడ ఆనించాలో ఆయనకే తెలియడం లేదు. ప్రతిసారీ ఆ నల్లనీడ వచ్చినప్పుడు ఆయన ఉలిక్కిపడటం నేను చూశాను. ఆ నీడ ఆయనకు దేన్ని గుర్తుచేస్తోందో అడగక్కర్లేదు.

మూడోది మా బీరువాలో అన్నిటికన్నా కింది అరలో ఉండేది. జూమ్ మార్చడానికి లేదు, నాలుగు రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, అంతే. పొట్టిది, తేలికైనది, ఎవరూ అడగనిది. పెద్దాయన దాన్ని భుజానికి పెట్టుకున్నాడు. తల అటు జరిపాడు, ఇటు జరిపాడు. బొమ్మ నిలిచే ఉంది. "కనిపిస్తోంది" అన్నాడు, "ఎటు తిప్పినా కనిపిస్తోంది." మామ నా వైపు తిరిగి, పెద్దాయనకు అర్థంకాని తెలుగులో మెల్లగా అన్నాడు: "సూసినావా అబ్బీ, ఇది మన్నించే గాజు. కన్ను రోంత అటూ ఇటూ అయినా ఏమీ అనుకోదు. వయసైనోళ్ళకు ఇట్లాంటిదే ఈయాల."

ఆ రోజు నుంచి శుక్రవారాలు మామ పెద్దాయనతో పాటు ఊరిబయట గురి క్లబ్బుకు పోయేవాడు. గురి రాని మామ, కొత్త భుజంతో తడబడే పెద్దాయన. ఇద్దరి గొడవా వినడానికే నేనూ పోయేవాణ్ణి. "ఊపిరి సగం వదిలి ఆపు" అని మామ ఉపదేశం. "నువ్వు కాల్చి చూపించు" అని పెద్దాయన ఎత్తిపొడుపు. మామ కాల్చేవాడు, కాగితానికి ఏమీ అయ్యేది కాదు. పెద్దాయన నవ్వీ నవ్వీ కూర్చుండిపోయేవాడు. పోనుపోను ఆయన గుండ్లు కాగితం మూల నుంచి మధ్యకు జరిగాయి. ఈ సంతోషంలోనూ మామ ఒక మాట వదిలేవాడు కాదు. ప్రతి శుక్రవారం తిరిగొచ్చేటప్పుడు "చెప్పావా?" అని అడిగేవాడు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూసేవాడు.

చలి ముదిరాక గుడారాల దగ్గరికి మమ్మల్ని కూడా పిలిచారు. ఎర్రటి ఇసుక, దూరంగా నల్లటి గుట్టలు, మధ్యలో వాళ్ళ గుడారాలు. ఉదయపు ఎండ ఇంకా మెత్తగా ఉంది. దూరాన ఒక కాగితం కట్టారు. అందరూ పెద్దాయన వైపు చూశారు. మామ కాఫీ కప్పు పట్టుకుని దాంట్లోకి తల దించుకున్నాడు.

పెద్దాయన చాప మీద కూర్చుని, తుపాకిని ఎడమ భుజానికి ఎత్తాడు. గుసగుసలు ఆగిపోయాయి. ఆ పొట్టి స్కోపులోంచి చాలాసేపు చూసి, ఊపిరి సగం వదిలి, కాల్చాడు. కాగితం మధ్యలో పడలేదు, మధ్యకు బెత్తెడు దూరంలో పడింది. ఒక అల్లుడు నవ్వుతూ అడిగాడు: "మామయ్యా, ఎడమ భుజం ఎందుకు?"

తుపాకి గుండ్లు తీసేసి, జాగ్రత్తగా చాప మీద పెట్టి, పెద్దాయన అందరినీ ఒకసారి చూశాడు. చివరకు నాసిర్ దగ్గర ఆగాడు.

"నా కుడికన్ను మస్తాన్ దుకాణంలో రిపేరుకు ఇచ్చాను" అన్నాడు. "బియ్యంలో పెట్టాడు. ఇంక రాదట."

మొదట కొందరు నవ్వారు. తర్వాత అర్థమై ఆగారు. నాసిర్ లేచి వచ్చి తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన నుదుటి మీద ముద్దుపెట్టాడు. ఎవరూ "మీరు కూర్చోండి" అనలేదు. అల్లుడు వెళ్ళి కాగితాన్ని కొంచెం దగ్గరికి జరిపి కట్టాడు, అంతే. పెద్దాయన రెండోసారి కాల్చాడు. నేను మామ వైపు చూస్తే, ఆయన ముక్కు చీదుతూ, "పొగ అబ్బీ, కట్టెలు పచ్చివి" అన్నాడు. పొయ్యి అప్పటికింకా వెలిగించలేదు. ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఇంత అని చెప్పలేను.

అబూ నాసిర్ ఆ తర్వాత ఇంకా ఎన్నో చలికాలాలు ఎడమ భుజంతో మొదటి గుండు కాల్చాడు. చివరిదాకా ఎడమకన్ను ఆయనను వదిలిపెట్టలేదు. మామ మోకాళ్ళు పనిచేయడం మానేశాక ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, రాయచోటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు బీరువా తాళాలు నా చేతికి మామూలుగా ఇచ్చి, డబ్బా మాత్రం రెండు చేతులతో ఇచ్చాడు. "వండుకోవాకు" అన్నాడు. అక్కడి నుంచి వీడియో కాల్ చేసినప్పుడల్లా మొదటి మాట "బియ్యం మార్చినావా?" ఆయన పోయిన వార్త వాళ్ళ అమ్మాయి చెప్పిన రోజు నేను దుకాణం మూయలేదు. డబ్బా కడిగి, ఎండబెట్టి, కొత్త బియ్యం పోశాను. చేతులకు ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఈ సాయంత్రం ఆ బియ్యాన్నే కలియబెడుతుండగా తలుపు తోసుకుని నాసిర్ వచ్చాడు. గడ్డం నెరిసింది. తండ్రి పోలిక బాగా వచ్చేసింది, ఆ నిటారుతనంతో సహా. చేతిలో తండ్రికి వాళ్ళు కొన్న ఆ ఖరీదైన స్కోపు. తండ్రి దాన్ని ఆ చలికాలం చివర్లోనే నాసిర్‌కు ఇచ్చేశాడు. ఇప్పటిదాకా వాడుతున్నది ఆయనే. దాన్ని కౌంటరు మీద పెట్టాడు.

"సద్దీక్, మిత్రమా, ఇది మసకేసింది."

నేను తీసుకుని బయటికి తిప్పి చూశాను. ఆ పాత ఇంటికి ఇప్పుడు మరమ్మత్తు చేసి రంగు వేశారు. కిటికీ జాలీ పుల్లలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. స్కోపును దించాను.

"అవును, తడి పట్టింది. కొన్నాళ్ళు బియ్యంలో ఉండాలి" అన్నాను.

నాసిర్ నా మొహంలోకి చూసి నవ్వాడు. "మస్తాన్ కూడా అచ్చం ఇలాగే అన్నాడు, గట్టిగా. ఆ రోజు దారిలో కారులోనే నేను దీన్ని చూశాను. శుభ్రంగా ఉంది. పాడైంది నాన్న కన్ను అని నాకు అప్పుడే తెలుసు."

"తెలిసీ ఇక్కడికి తెచ్చావా?"

"కొడుకుగా నేనెలా అడగను? మస్తాన్ అడుగుతాడని తెచ్చాను. కారు అడ్డంగా పెట్టానన్నది అబద్ధం. సందు మలుపులో నిలబడ్డాను."

ఇన్నేళ్ళూ ఆ అబద్ధాన్ని మోసింది మామ ఒక్కడే అనుకున్నాను. అవతలి కొస పట్టుకుని ఇంకొకడు నిలబడ్డాడని తెలియకుండానే మామ పోయాడు. తెలిస్తే ఎంత మురిసిపోయేవాడో, ఎన్నిసార్లు చెప్పుకునేవాడో.

ఆయన నాకు స్కోపులు ఎంచడం నేర్పాడని అందరూ అంటారు. నిజమే, నేర్పాడు. దాంతో పాటు ఇంకొకటి కూడా నాకు అంటుకుంది. నా నోటి దాకా వచ్చిన నిజం నాదా, ఎదుటివాళ్ళదా అని ఒక్క క్షణం ఆగి చూసుకోవడం. ఎదుటివాళ్ళదైతే, వాళ్ళు చెప్పుకునేదాకా పక్కన నిలబడటం, తొందరపెడుతూ నిలబడటం.

డబ్బాను నాసిర్ వైపు జరిపాను. ఆయన స్కోపును తన చేత్తోనే బియ్యంలో పెట్టి, పైన కప్పాడు.

"ఏ కన్ను?" అని అడిగాను.

"కుడిది" అన్నాడు. "ఇంట్లో ఇంకా చెప్పలేదు."

"రేపు మధ్యాహ్నం దుకాణం మూసే వేళకు రా" అన్నాను. "కారు తేవొద్దు. టాక్సీలో పోదాం."